అరికాళ్ల మంటలకు కాలేయమే కారణమా?

ప్రశ్న: నా వయసు 47 ఏళ్లు. ఆరేళ్ల క్రితం ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద తిరగబడే జబ్బు) ఉన్నట్టు బయాప్సీలో తేలింది. రోజూ ప్రెడ్నిసలోన్ 5 మి.గ్రా., అజథయోప్రిన్ 75 మి.గ్రా. వాడుతున్నాను. మూడేళ్లుగా లివర్ ఎంజైములు నార్మల్‌గానే ఉన్నాయి. ఏడాది క్రితం రెండు అరికాళ్లలో మంటలు మొదలయ్యాయి. రాత్రి పడుకున్నాక ఎక్కువవుతాయి. అప్పట్లో నర్వ్ కండక్షన్ పరీక్ష (నరాల్లో విద్యుత్ సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసేది) చేసి అంతా బాగానే ఉందన్నారు. ఇప్పుడు కాలివేళ్లు మొద్దుబారాయి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు, కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే తూలిపోతున్నాను. కళ్లు, నోరు ఎండిపోతుంటాయి. లేచి నిలబడగానే ఒక్కోసారి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఒక డాక్టరు ఇదంతా లివర్ వల్లే అంటున్నారు, మరొకరు లివర్‌కూ దీనికీ సంబంధమే లేదంటున్నారు. ఎనిమిది నెలలుగా నరాల బలానికని ఒక బి విటమిన్ల మాత్ర నేనే కొనుక్కుని వేసుకుంటున్నాను. దాన్ని రోజుకు రెండు చేయవచ్చా? అజథయోప్రిన్ వల్లే ఇలా అవుతోందేమో, ఆపేయవచ్చా? పోయిన స్పర్శ తిరిగి వస్తుందా?

జవాబు: మొదటి రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే వాటి విషయంలో ఆలస్యం పనికిరాదు. అజథయోప్రిన్‌ను గానీ ప్రెడ్నిసలోన్‌ను గానీ మీ అంతట మీరు ఆపవద్దు. బి విటమిన్ల మాత్రను రెండు చేయడం మాట అటుంచి, అందులో ఏయే విటమిన్ ఎంతెంత ఉందో డాక్టరు చూసేవరకు ఆ ఒక్కటి కూడా వేసుకోవద్దు. పది పదిహేను రోజుల లోపు న్యూరాలజిస్టును కలవండి, వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్టను వెంట తీసుకువెళ్లండి.

అజథయోప్రిన్ మీద మీకు అనుమానం రావడం సహజమే గాని, నరాలను దెబ్బతీసే మందుగా దానికి పేరు లేదు. రక్తకణాలు తగ్గడం, వికారం, అరుదుగా క్లోమం వాయడం వంటివి దాని వల్ల వచ్చే ఇబ్బందులు. మూడేళ్లుగా మీ ఎంజైములు నార్మల్‌గా ఉన్నాయంటే ఆ మందులు తమ పని తాము చేస్తున్నాయన్నమాట. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో మందులు ఆపేసిన వారిలో చాలామందికి జబ్బు తిరగబెడుతుంది. అందుకే ఎంజైములు, ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) స్థాయి కనీసం 2 ఏళ్ల పాటు వరుసగా నార్మల్‌గా ఉంటే తప్ప కాలేయ నిపుణులు మందులు తగ్గించే ఆలోచన చేయరు, అది కూడా దగ్గరుండి గమనిస్తూ మెల్లమెల్లగా చేస్తారు. ఏళ్ల తరబడి వాడిన స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే వచ్చే ప్రమాదం వేరు. శరీరం సొంతంగా కార్టిసాల్ తయారుచేసుకునే అలవాటు తప్పిపోయి ఉంటుంది కాబట్టి రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు.

ఇక మీ ఇద్దరు డాక్టర్ల మాటల విషయానికి వస్తే, చెరొక సగం నిజం చెప్పారనే అనుకుంటున్నాను. దీర్ఘకాలిక కాలేయ వ్యాధి నరాలను దెబ్బతీయగలదు, ముఖ్యంగా సిర్రోసిస్ (కాలేయం మచ్చకట్టి గట్టిపడటం) వరకు వెళ్లినవారిలో. వెన్ను దగ్గర నుంచి పాదం దాకా వెళ్లే నరాల పోగులు దాదాపు మీటరు పొడవుంటాయి. అంత పొడవున పోషకాలను, శక్తిని చేరవేయడం కష్టం కాబట్టి శరీరంలో ఏ రసాయనిక తేడా వచ్చినా ముందుగా దెబ్బతినేది వాటి చివరలే. అందుకే తిమ్మిరి కాలివేళ్లలో మొదలై పైకి పాకుతుంది, మోకాళ్ల దాకా వచ్చే సమయానికి చేతివేళ్ల చివర్లలో కనిపిస్తుంది. అయితే కాలేయ వ్యాధి ఒక్కటే కారణమైనప్పుడు ఈ నష్టం చాలావరకు స్వల్పంగానే ఉంటుంది. చాలామందిలో పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. ఎంజైములు అదుపులో ఉండగా ఏడాదిలోనే మంట నుంచి మొద్దుబారడానికి, అక్కడి నుంచి తూలడానికి వచ్చిందంటే, దానికి కాలేయాన్ని మాత్రమే బాధ్యురాలిని చేసి ఊరుకోవడం నాకు సమంజసంగా తోచడం లేదు. అలాగని కాలేయాన్ని పూర్తిగా పక్కన పెట్టనూ కూడదు. ఎంజైములు నార్మల్‌గా ఉండటం వాపు తగ్గిందని చెబుతుందే గాని, మచ్చ కట్టడం ఎంతవరకు వెళ్లిందో చెప్పదు. ఈ మధ్యకాలంలో ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించుకోకపోతే ఆ విషయం మీ కాలేయ నిపుణుడిని అడగండి.

మీరు రాసిన వివరాల్లో నా దృష్టిని బాగా ఆకర్షించినది కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు తూలడం. కాలి బొటనవేలు పైకి వంగి ఉందా కిందికి వంగి ఉందా అన్నది మనం చూడకుండానే మెదడుకు తెలుస్తుంది, ఆ సమాచారాన్ని మందపాటి నరాల పోగులు మోసుకుపోతాయి. అవి దెబ్బతిన్నప్పుడు మనిషి కళ్ల సాయంతో నెట్టుకొస్తాడు. కళ్లు మూసుకున్న మరుక్షణం ఆ సాయం పోతుంది, కాళ్లు ఎక్కడున్నాయో తెలియక ఒళ్లు ఊగిపోతుంది. మంట, సలుపు, వేడి, చల్లదనం తెలిపేవి మాత్రం సన్నటి పోగులు. నర్వ్ కండక్షన్ పరీక్ష మందపాటి పోగులను మాత్రమే కొలుస్తుంది. ఏడాది క్రితం మీకు మంటలు మాత్రమే ఉన్నప్పుడు ఆ పరీక్ష నార్మల్‌గా రావడంలో వింతేమీ లేదు. అప్పుడు సన్నటి పోగులు దెబ్బతిని ఉన్నా ఆ పరీక్షకు చిక్కవు. వాటిని చూడాలంటే చీలమండ పైభాగాన 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి, అందులోని నరాల పోగులను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాలి. ఇప్పుడు మీ పరిస్థితి మారింది కాబట్టి పాత రిపోర్టు మీద ఆధారపడకుండా నర్వ్ కండక్షన్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

అంతకంటే ముందు, న్యూరాలజిస్టు గదిలో జరిగే మామూలు పరీక్షే సగం సంగతి తేల్చేస్తుంది. 128 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. ఆ ప్రకంపన మీకు ఎంతసేపు తెలుస్తుందో, అది ఆగినప్పుడు ఆగిందని చెప్పగలుగుతున్నారో లేదో చూస్తారు. మీ చేత కళ్లు మూయించి వేలిని పైకీ కిందికీ కదిపి ఎటు కదిలిందని అడుగుతారు. మడమ వెనక కండరాన్ని ఎముకకు కలిపే తాడు మీద సుత్తితో తట్టి పాదం స్పందిస్తుందా అని గమనిస్తారు. రెండు కాళ్లకూ తేడా ఉందా, చేతులు, ముఖం, నడుము భాగాల్లో కూడా స్పర్శ తగ్గిందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. ఎందుకంటే కాలేయం, షుగర్ వంటి కారణాలు కాళ్ల నుంచి క్రమంగా, రెండు వైపులా సమానంగా పైకి వస్తాయి. పొడవుతో నిమిత్తం లేకుండా ఇక్కడొకచోట అక్కడొకచోట స్పర్శ పోతోందంటే జబ్బు పోగుల చివర్లలో కాక, వెన్నుపాము పక్కనుండే స్పర్శ నాడీకణాల గుంపులోనే ఉందని అనుమానించాలి.

ఆ అనుమానానికి మీ ఎండిన కళ్లు, నోరు మరింత బలం చేకూరుస్తున్నాయి. రోగనిరోధక వ్యవస్థ ఒక అవయవం మీద తిరగబడిన మనిషిలో మరొక అవయవం మీద కూడా తిరగబడటం తరచుగా జరిగేదే. కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు దాని పాలైతే ఆ జబ్బును షోగ్రెన్స్ సిండ్రోమ్ అంటారు. ఆటోఇమ్యూన్ కాలేయ వ్యాధులతో పాటు ఇది కనిపించడం కొత్త కాదు, ముఖ్యంగా ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ (కాలేయంలోని చిన్న పిత్తనాళాలు దెబ్బతినే ఆటోఇమ్యూన్ జబ్బు) ఉన్నవారిలో. షోగ్రెన్స్ సన్నటి పోగులనూ దెబ్బతీస్తుంది, నేను పైన చెప్పిన నాడీకణాల గుంపునూ దెబ్బతీస్తుంది. కన్నీటి పరీక్షకు కంటి డాక్టరు కింది రెప్ప అంచున సన్నటి కాగితపు పట్టీ ఉంచి, 5 నిమిషాల్లో అది ఎంతమేర తడిసిందో చూస్తారు. రక్తంలో యాంటీ ఎస్ఎస్ఏ యాంటీబాడీ ఉందేమో పరీక్షిస్తారు. ఇక్కడొక చిక్కు ఉంది. ఆ యాంటీబాడీ షోగ్రెన్స్ లేని ఆటోఇమ్యూన్ హెపటైటిస్ రోగుల్లో కూడా కొందరిలో కనిపిస్తుంది. అందుకని అదొక్కటే పాజిటివ్ అయినంత మాత్రాన నిర్ధారణ కాదు, అవసరమైతే కింది పెదవి లోపలి చిన్న గ్రంథి ముక్కను బయాప్సీకి పంపుతారు. నాడీకణాలే దెబ్బతింటున్నట్టు తేలితే మందుల మోతాదు మార్చడమో, ఇమ్యునోగ్లోబులిన్ వంటి చికిత్స మొదలుపెట్టడమో త్వరగా జరగాలి. పోగు తెగితే మళ్లీ పెరుగుతుంది గాని, కణమే చనిపోతే తిరిగి రాదు. మిమ్మల్ని రోజుల లెక్కన వెళ్లమన్నది ఇందుకే.

రెండో అనుమానం మీ చేతిలో ఉన్న మాత్ర మీదే. నరాల బలానికని అమ్మే మాత్రల్లో దాదాపు అన్నింటిలోనూ బి6, అంటే పిరిడాక్సిన్ ఉంటుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 1.3 నుంచి 1.7 మి.గ్రా. మాత్రమే. కొన్ని మాత్రల్లో 3 మి.గ్రా. ఉంటే, మరికొన్నింటిలో 100 మి.గ్రా. దాకా ఉంటుంది. పేరు, రంగు ఒకేలా ఉన్నా లోపలి మోతాదు వేరు. బి6 తక్కువైనా నరాలు దెబ్బతింటాయి, చాలాకాలం ఎక్కువైనా దెబ్బతింటాయి. ఎక్కువైనప్పుడు అది కూడా అదే స్పర్శ నాడీకణాల గుంపునే పట్టుకుంటుంది, మొద్దుబారడం, తూలడం వస్తాయి. బి6 వల్ల నరాలు చెడకుండా ఉండేందుకు అమెరికాలో రోజుకు 100 మి.గ్రా. గరిష్ఠ పరిమితిగా పెట్టారు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2023లో ఆహారంతో కలిపి రోజుకు 12 మి.గ్రా. మించకూడదని నిర్ణయించింది. మీకు మంటలు మాత్ర కంటే ముందే మొదలయ్యాయి కాబట్టి మొత్తం నేరం దానిదే అనడానికి లేదు. అయితే మొద్దుబారడం, తూలడం ఆ తర్వాత చేరినవి. దాన్ని ఆపిన తర్వాత మొదటి రెండు మూడు వారాలు బాధ కాస్త పెరిగినట్టు అనిపించవచ్చు, అది ఈ విషప్రభావానికి ఉన్న లక్షణమే. మానేస్తే ఎక్కువైంది, అంటే అది మేలే చేస్తోంది అని మళ్లీ మొదలుపెట్టవద్దు. ఎవరికి వారే నరాల మాత్రలు కొనుక్కునే అలవాటు మీద నాకు ముందు నుంచీ సదభిప్రాయం లేదు. ఏ విటమిన్ తక్కువైందో తెలియకుండా అన్నీ కలిపి మింగితే, పరీక్ష చేసేనాటికి అసలు లోపం కూడా మరుగున పడిపోతుంది.

బి12 విషయంలో అలాంటి మరుగు మరొకటి ఉంది, అది కాలేయ వ్యాధి ఉన్నవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది. శరీరంలోని బి12 నిల్వలో ఎక్కువ భాగం కాలేయంలోనే ఉంటుంది. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు ఆ నిల్వ రక్తంలోకి జారుతుంది కాబట్టి, నరాలకు అందుతున్న బి12 చాలకపోయినా రక్తపరీక్షలో అంకె నార్మల్‌గానో, ఎక్కువగానో కనిపించవచ్చు. రిపోర్టులో ఎర్రకణాల సైజు, అంటే ఎంసీవీ పెరిగితే బి12 తక్కువేమో అనుకుంటారు. అజథయోప్రిన్ వాడుతున్నవారిలో ఆ మందు వల్లే ఎంసీవీ పెరుగుతుంది, కాలేయ వ్యాధిలోనూ పెరుగుతుంది. ఇలా రెండు ఆనవాళ్లూ నమ్మదగినవి కాకుండా పోతాయి. అనుమానం ఉన్నప్పుడు మిథైల్ మలోనిక్ ఆసిడ్ (బి12 చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష అసలు సంగతి బయటపెడుతుంది. మీరు ఇప్పటికే బి12 ఉన్న మాత్ర వాడుతూ ఉండవచ్చు కాబట్టి, ఆ విషయం పరీక్షకు ముందే చెప్పాలి.

షుగర్ సంగతి మీరు రాయలేదు. ఆరేళ్లు స్టిరాయిడ్ వాడినవారిలో, మోతాదు చిన్నదైనా, షుగర్ చూడకుండా కాళ్ల మంటల గురించి మాట్లాడటం అసంపూర్ణం. మామూలుగా చేసే, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొన్ని రకాల రక్తహీనత, సిర్రోసిస్, ప్లీహం పెరగడం ఉన్నవారిలో ఉన్నదానికంటే తక్కువ చూపించే అవకాశం ఉంది, ఎందుకంటే వారి ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి. పరగడుపున, గ్లూకోజు తాగిన తర్వాత చేసే పరీక్షలు వీరికి నయం. థైరాయిడ్, సీలియాక్ వ్యాధి (గోధుమల్లోని గ్లూటెన్ పడని పేగుల జబ్బు) కూడా ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు తోడుగా వచ్చేవే, రెండూ నరాలను బాధిస్తాయి, రెండింటికీ రక్తపరీక్షలున్నాయి. హెపటైటిస్ సి పరీక్ష ఎప్పుడూ చేయించుకోకపోతే అదీ చేయించాలి.

పిత్తనాళాల జబ్బులున్న పాఠకులు కూడా ఇదే ప్రశ్న వేసుకోవచ్చు కాబట్టి వారి కోసం ఒక మాట. ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్‌లోనూ (2015కు ముందు దీన్ని ప్రైమరీ బిలియరీ సిర్రోసిస్ అనేవారు), ప్రైమరీ స్క్లీరోజింగ్ కొలాంజైటిస్‌లోనూ పైత్యరసం పేగుల్లోకి సరిగా చేరదు, దానితో కొవ్వులో కరిగే ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. వాటిలో ఇ విటమిన్ లోపం ఏళ్ల తరబడి కొనసాగితే నడక తూలడం, ప్రకంపన తెలియకపోవడం, రిఫ్లెక్సులు పోవడం జరుగుతాయి. ఈ జబ్బుల్లో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటుంది, ఇ విటమిన్ దానికి అంటుకుని తిరుగుతుంది కాబట్టి విడిగా చూస్తే నార్మల్‌గా కనిపిస్తుంది. రక్తంలోని కొవ్వుతో నిష్పత్తి కట్టి చూడాలి. దురదకు వాడే కొలెస్టిరమైన్ ఈ విటమిన్లను మరింతగా అడ్డుకుంటుంది, అందుకని మిగతా మందులు దానికి కనీసం గంట ముందో, 4 నుంచి 6 గంటల తర్వాతో వేసుకోవాలి. పిత్తనాళాల ఇన్ఫెక్షన్లకు మెట్రోనిడజోల్ నాలుగు వారాలకు మించి వాడినవారిలో కాళ్ల మంటలు మొదలైతే ఆ మందునే ముందు అనుమానించాలి. కాలేయ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ వాడేవారికి చేతుల వణుకు, తిమ్మిర్లు రావచ్చు, రక్తంలో దాని స్థాయి చూస్తే తెలుస్తుంది.

లేచినప్పుడు మీకు కళ్లు బైర్లు కమ్మడాన్ని తేలికగా తీసుకోకండి. రక్తపోటు, గుండె వేగం, పేగుల కదలిక, చెమట, ఇవన్నీ మన ప్రమేయం లేకుండా నడిపించే నరాలు కూడా ఈ జబ్బుల్లో దెబ్బతింటాయి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ బీపీ చూడమనండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే దానికి కారణం వెతకాలి. ప్రొప్రనలాల్, కార్వెడిలాల్, నీరు తగ్గించే మాత్రలు వాడుతున్నవారికి ఆ మందుల వల్లే ఇలా అవ్వవచ్చు. మీలా స్టిరాయిడ్ వాడేవారు మోతాదు మరిచిపోయిన రోజుల్లో ఇది ఎక్కువగా ఉంటోందా అని గుర్తు చేసుకోవాలి.

మంట తగ్గించే మందుల్లో గాబాపెంటిన్, ప్రిగాబలిన్ కాలేయం మీద భారం వేయవు, కిడ్నీల ద్వారా బయటికి పోతాయి. అందుకని క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి మోతాదు నిర్ణయిస్తారు. ఇవి మత్తు కలిగిస్తాయి, లేచినప్పుడు తూలడం ఉన్న మీకు రాత్రిపూట చిన్న మోతాదుతో మొదలుపెట్టడమే మంచిది. డ్యులాక్సిటిన్ మంటలకు బాగా పనిచేస్తుందని ఎవరైనా చెప్పినా, దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉన్నవారు దాని జోలికి వెళ్లకూడదు. అమిట్రిప్టిలిన్ కొద్ది మోతాదులో ఇస్తారు గాని, బీపీ పడిపోయేవారికి, నోరు ఎండిపోయేవారికి ఆ రెండు ఇబ్బందులూ పెంచుతుంది, కాబట్టి మీకు అది సరిపడదనే నా అభిప్రాయం. లిడొకెయిన్ పట్టీలు, క్యాప్సైసిన్ లేపనం పైపైనే పనిచేస్తాయి కనుక చాలావరకు నిరపాయం. సిర్రోసిస్ ఉంటే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు పూర్తిగా మానాలి. పారాసిటమాల్ రోజుకు 2 గ్రాములు దాటకుండా వాడుకోవచ్చు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రోజుల వ్యవధిలో కాళ్లు బలహీనపడి మెట్లెక్కలేకపోవడం, పాదమో మణికట్టో ఒక్కసారిగా వాలిపోవడం, మింగడంలో ఊపిరి తీయడంలో కష్టం, మలమూత్రాల మీద అదుపు తప్పడం అలాంటివి. పగలు నిద్రమత్తు, రాత్రి మెలకువ, మాట తడబాటు, చేతిరాత చెదిరిపోవడం, చాచిన అరచేతులు రెక్కల్లా కొట్టుకోవడం వంటివి కనిపిస్తే అది పాదాల నరాల సంగతి కాదు. కాలేయం వడకట్టని విషపదార్థాలు మెదడుకు చేరుతున్నాయని అర్థం, దానికి చికిత్స పూర్తిగా వేరు. ఈ మార్పు రోగికంటే ముందు ఇంట్లోవారికే తెలుస్తుంది కాబట్టి వారికి ఈ పేరా చదివి వినిపించండి.

పోయిన స్పర్శ తిరిగి వస్తుందా అన్నది కారణం మీద ఆధారపడి ఉంటుంది. బి6 ఎక్కువవడం, బి12 తక్కువవడం, థైరాయిడ్ వంటివి త్వరగా దొరికితే చాలామంది గణనీయంగా కోలుకుంటారు. షోగ్రెన్స్ అయితే ముందు జబ్బు అక్కడితో ఆగడమే లక్ష్యం, తిరిగి వచ్చేది ఎంతన్నది తర్వాతి మాట. నరాల పోగులు పెరిగే వేగం సుమారు రోజుకు ఒక మిల్లీమీటరు, కాబట్టి సరైన చికిత్స మొదలైనా మార్పు తెలియడానికి నెలలు పడుతుంది. మంట ముందు తగ్గుతుంది, మొద్దుబారడం చివరికి గాని వదలదు. ఈలోగా రాత్రి లేచే దారిలో చిన్న దీపం వెలిగించి ఉంచండి, ముఖం కడుక్కునేటప్పుడు ఒక చేత్తో గోడనో గట్టునో పట్టుకోండి, జారిపోయే చెప్పులకు బదులు మడమ వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. రోజూ పడుకునే ముందు అరికాళ్లను, వేళ్ల సందులను అద్దంలో చూసుకోండి, నొప్పి తెలియని పాదానికి అయిన పుండు కంటికి కనిపిస్తే తప్ప బయటపడదు. వేడి నీటిని కాలితో కాకుండా మోచేత్తో పరీక్షించిన తర్వాతే కాళ్ల మీద పోసుకోండి.